పసిబిడ్డకు లాలపోయడం

బాలింత వున్న ఇంట్లో పొద్దున్నే ఒక చిన్న సభ తీరుతుంది. చంటిబిడ్డకు నీళ్ళు పోసే వేళ అది. నూనె చాలలేదని ఒకరు, నీళ్ళు చల్లారిపోయాయని ఒకరు, సాంబ్రాణి ఏదని మరొకరు! వీళ్ళందరి మధ్యా పిల్లతల్లి బిక్కమొహం వేసుకుని కూర్చుంటుంది. అక్కచెల్లెళ్ళ పిల్లలకూ, తరవాత వాళ్ళ పిల్లలకూ కాళ్ళమీద వేసుకుని లాలపోసినదాన్ని నేను. అమ్మమ్మల మాటా తెలుసు, డాక్టర్ల మాటా తెలుసు. రెండూ కలిపి చూస్తే తేలేది ఒక్కటే: పసిబిడ్డకు మురికికంటె చలి పెద్ద శత్రువు.

మొదటి లాల ఎప్పుడు?

బిడ్డ భూమ్మీద పడగానే నీళ్ళు పోసి పొత్తిళ్ళలో పెట్టడం పాత అలవాటు. ఇప్పుడా తొందర వద్దంటున్నారు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకైనా కనీసం 24 గంటలు గడిచేదాకా స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. అప్పుడే పుట్టిన బిడ్డ మనలాగా వణికి ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. ఇక ఒంటిమీద వెన్నలా అంటుకుని వుండే తెల్లని పూత మురికి కాదు, లేత చర్మానికి అది కవచం. దాన్ని రుద్ది తియ్యకూడదు.

మా బంధువుల ఇంట్లో ఒక పెద్దావిడ, "నిన్న పుట్టిన పిల్లకి ఇంకా నీళ్ళు పోయలేదేమే?" అని కోడల్ని గద్దించింది. "రేపు మీ చేతులతోనే పోద్దురుగాని, అత్తయ్యగారూ! ఇవాళ్టికి నా గుండెలమీద పడుకోనివ్వండి" అందా పిల్ల. ఆవిడ నవ్వేసి, దుప్పటి తెచ్చి ఇద్దరికీ కప్పింది.

బొడ్డు ఊడేదాకా వెచ్చని తడిగుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలు. బొడ్డుమీద పసుపు, నూనె, బూడిద ఏదీ పెట్టకండి. పొడిగా వుంచండి. నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోలకు తక్కువ వున్నా, డాక్టరు చెప్పేదాకా నీళ్ళు పోయనే వద్దు.

నీళ్ళు పోసే తీరు

ముందు కిటికీలు వేసి, ఫ్యాను ఆపండి. తువ్వాలు, టోపీ, పొడిబట్టలు చేతికందేట్టు పెట్టుకోండి. పాలు తాగిన వెంటనే నీళ్ళు పోయకండి.

గంగాళంలో మొదట చన్నీళ్ళు, ఆ తరవాతే వేణ్ణీళ్ళు పోసి అడుగుదాకా కలపండి. పొయ్యి దగ్గర కాగిన మన చేతులకు గోరువెచ్చన అనిపించేది బిడ్డకు మంట కావచ్చు. కనుక మోచేత్తో చూడండి. వేడీ చలీ తెలియకుండా వుంటే సరి. థర్మామీటరు వుంటే 37, 38 డిగ్రీలు. 60 డిగ్రీల నీళ్ళు పసివాళ్ళ చర్మాన్ని క్షణాల్లో కాలుస్తాయి. కాగుతున్న నీళ్ళ బిందె మీ పీట దరిదాపుల్లో వుండకూడదు.

కాళ్ళు చాపి వాటి పల్లంలో బిడ్డను పడుకోబెట్టుకునే మన పద్ధతి నాకు తొట్టికంటె ఇష్టం. నీరు నిలవదు, బిడ్డ జారదు. అయితే ఒక చెయ్యి ఎప్పుడూ మెడకింద వుండాలి. మొహంమీద నీళ్ళు ధారగా పోయకండి, గుడ్డతో తుడవండి. బోర్లా తిప్పినప్పుడు ముక్కూ నోరూ కాళ్ళకు అదిమిపోకుండా చూడండి. తల చివర తడిపి వెంటనే తుడవండి. అంతా అయిదు నిమిషాల పని. రోజూ అక్కరలేదు, వారానికి రెండు మూడుసార్లు చాలు. నున్నగా లేని సున్నిపిండి ఆ లేత ఒంటిని గీరుతుంది, మానండి.

వీధి తలుపు కొట్టినా, ఫోను మోగినా బిడ్డమీది చెయ్యి తియ్యకండి. తప్పనిసరైతే తువ్వాల్లో చుట్టి ఎత్తుకునే వెళ్ళండి.

వదిలెయ్యవలసినవి

కొబ్బరినూనె మెల్లగా ఒంటికి రాయడం మంచిదే. ముక్కులో, చెవుల్లో మాత్రం చుక్కయినా వెయ్యకండి. ముక్కులో నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. కొందరు బిడ్డల రొమ్ములు కాస్త ఉబ్బి వుంటాయి. అది తల్లి హార్మోనుల ప్రభావం, తనే తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది. మాడు పూడాలని తలకాయ అదమకండి. సాధారణంగా ఏడాదిన్నర లోపల అది తనంతటే పూడుతుంది. సాంబ్రాణి పొగ, పౌడరు దుమ్ము ఆ చిన్ని ఊపిరికి పడవు.

పాదాలు చెప్పే సంగతి

బట్టలు తొడిగాక బిడ్డ పాదాలూ పొట్టా ముట్టి చూడండి. రెండూ వెచ్చగా వుంటే నిశ్చింత. పొట్ట వెచ్చగా వుండి పాదాలు చల్లబడితే బిడ్డకు చలి పట్టిందన్నమాట. తల్లి గుండెకు ఒంటికి ఒళ్ళు తగిలేట్టు పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, పాలివ్వండి. పాదాలూ పొట్టా రెండూ చల్లగా వున్నా, బిడ్డ పాలు పట్టకపోయినా, ఏడుపు నీరసించినా అది ప్రమాదం. ఇంటి వైద్యాలతో కాలం గడపక, తల్లి గుండెలకు హత్తుకునే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఏ అమ్మమ్మయినా చెయ్యగలిగిన పరీక్ష ఇది, కావలసిందల్లా ఒక అరచెయ్యి.