ఎండ వేడికి దారి మారే గ్రహశకలం

గ్రహశకలం ఎటు పోతుందో చెప్పాలంటే సూర్యుడు, గ్రహాల ఆకర్షణను లెక్కగడితే చాలదు. దాని రంగు, తిరిగే తీరు, లోపలి గట్టిదనం కూడా తెలియాలి. బెన్నూ అనే గ్రహశకలం ఈ సంగతిని నిరూపించింది.

1999 సెప్టెంబరులో అమెరికాలోని లీనియర్ సర్వే కనిపెట్టిన ఈ శకలం సగటు వ్యాసం సుమారు 490 మీటర్లు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 437 రోజులు పడుతుంది. ఆరేళ్లకోసారి భూమికి చేరువవుతుంది.

బెన్నూ చాలా నల్లనిది. మీద పడిన వెలుగులో 4 శాతం మాత్రమే వెనక్కి పంపి, మిగిలినదంతా వేడిగా మార్చుకుంటుంది. సుమారు 4 గంటల 18 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. మధ్యాహ్నం కాగిన నేల సాయంత్రం వైపుకు తిరిగాక ఆ వేడిని అంతరిక్షంలోకి వదులుతుంది. వేడి ఎటు పోతే శకలం దానికి ఎదురు దిశలో నెట్టుకుపోతుంది. దీన్నే యార్కోవ్‌స్కీ ప్రభావం అంటారు. బెన్నూ ఆత్మభ్రమణం దాని కక్ష్యాగమనానికి వ్యతిరేకం కాబట్టి ఈ తోపుడు దాని వేగానికి అడ్డుపడుతుంది. తోపుడు బలం సుమారు మూడు ద్రాక్షపళ్ల బరువంత. అయినా అది క్షణం కూడా ఆగదు కాబట్టి కక్ష్య ఏటా సగటున 284 మీటర్లు సూర్యుడి వైపు కుంచించుకుపోతోంది.

2018 డిసెంబరులో నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక అక్కడికి చేరింది. అంతకుముందు దూరం నుంచి తీసిన ఉష్ణ కొలతలను బట్టి నేల సన్నని ఇసుకలా ఉంటుందని అనుకున్నారు. తీరా చూస్తే ఎక్కడ చూసినా బండరాళ్లే. ఆ బండలు గుల్లగా ఉండి, ఇసుకలాగే త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతున్నాయి. 2020 అక్టోబరు 20న నౌక చేయి నేలను తాకగానే అడ్డేమీ లేనట్టు అర మీటరు దాకా దిగబడింది. శకలం సాంద్రత నీటికన్నా కాస్తే ఎక్కువ: ఘనపు సెంటీమీటరుకు 1.19 గ్రాములు. అంటే బెన్నూ ఒకే బండ కాదు, బలహీనమైన ఆకర్షణతో కలిసివున్న రాళ్లకుప్ప.

2135లో బెన్నూ చంద్రుడికన్నా దగ్గరగా భూమిని దాటుతుంది. అప్పుడు భూమి ఆకర్షణ దాని దారిని ఎటు మళ్లిస్తుందన్నది కొద్ది కిలోమీటర్ల తేడా మీద ఆధారపడుతుంది. నౌక కొలతలతో చేసిన లెక్కల ప్రకారం 2300 లోపు అది భూమిని ఢీకొనే అవకాశం 1,750లో ఒకటి. అన్నిటికన్నా ఎక్కువ అవకాశమున్న రోజు 2182 సెప్టెంబరు 24. ఆ రోజుకు కూడా అది 2,700లో ఒకటే.

2022లో డార్ట్ నౌక ఢీకొట్టి డైమార్ఫోస్ అనే గ్రహశకలం కక్ష్యను మార్చింది కాబట్టి గ్రహశకలాన్ని పక్కకు తప్పించడం మనిషికి సాధ్యమేనని తేలింది. అయితే ఎంత బలంతో కొట్టాలన్నది ఎదుటి శకలం గట్టిదా, గుల్లదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఆపద ముంచుకొచ్చాక కాదు, వందేళ్ల ముందే ఇలాంటి శకలాలను దగ్గరకు వెళ్లి కొలవాలి.