పాత పికప్ బండి లాగడం లేదా? ఇంజను విప్పే ముందు పాటించవలసిన పరిశీలన క్రమం

కూరగాయలు, విత్తన బస్తాలు, ఎరువులు, పాల క్యాన్లు మోసే డీజిల్ పికప్ బండ్లలో పదేళ్లు పైబడినవి మన గ్రామాల్లో అనేకం కనిపిస్తాయి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదని యజమాని చెప్పగానే, ఇంజను పాతబడింది, బోరు చేయించాలి అనే తీర్పు చాలాచోట్ల వెంటనే వెలువడుతుంది. ఇది రైతుకు పెద్ద ఖర్చు. కోతల కాలంలో బండి రోజుల తరబడి షెడ్డులో ఉండిపోతే, నిల్వ ఉండని పంటకు కలిగే నష్టం దానికి అదనం. అసలు లోపం ఇంజను లోపల లేకపోతే, ఇంత ఖర్చు చేసినా ఫలితం దక్కదు.

ఆకులు పసుపు రంగుకు తిరిగాయని వినగానే ఏ శాస్త్రవేత్తా యూరియా వేయమని చెప్పడు. పసుపు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా, పొలంలో నీరు నిలిచిందా అని విచారిస్తాడు. నత్రజని లోపం ముదురు ఆకుల్లోనూ, ఇనుము, గంధక లోపాలు లేత ఆకుల్లోనూ ముందుగా కనిపిస్తాయి. ఇంజను శక్తి తగ్గడం కూడా ఒక లక్షణం మాత్రమే. వయస్సు దానికి కారణం కాదు. లీబిగ్ కనిష్ఠ నియమం ఇక్కడా వర్తిస్తుంది. గాలి, ఇంధనం, సంపీడనం, ఇంధనం చిమ్మే సమయం అనే నాలుగింటిలో ఏది కొరవడితే, మిగిలినవి ఎంత బాగున్నా శక్తి దాని వద్దనే ఆగిపోతుంది.

బలహీనత ఇంజనుదా, భారం పెరిగిందా?

మొదటి ప్రశ్న ఇదే. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకులు పట్టి ఉన్నా, ఇంజను ఆరోగ్యంగా ఉండి కూడా బండి లాగదు. బ్రేకు ఎక్కువగా వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపిన తర్వాత, చక్రాల డ్రమ్ముల దగ్గరకు తాకకుండా చేయి తీసుకువెళ్లి చూడాలి. ఒక చక్రం మిగిలిన వాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేకు విడవడం లేదని భావించవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను చుట్లు పెరిగినా వేగం పెరగకపోతే, మాడు వాసన వస్తే, లోపం క్లచ్ పలకది.

చాలామంది విస్మరించే అంశం యాక్సిలరేటర్ తీగ. ఇంజను ఆపి ఉంచి, ఒకరు పెడల్‌ను పూర్తిగా తొక్కుతుండగా మరొకరు ఇంజెక్షన్ పంపు మీది మీట చివరి వరకు తిరుగుతున్నదో లేదో చూడాలి. తీగ సాగి మీట మధ్యలోనే ఆగిపోతుంటే పంపుకు పూర్తి ఆజ్ఞే అందడం లేదు. తీగ సవరిస్తే సరిపోతుంది.

గాలి

ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. నూర్పిళ్ల కాలంలో కళ్లాల దుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టర్ త్వరగా పూడుకుంటుంది. ఫిల్టర్‌తో పాటు దాని తరువాతి రబ్బరు గొట్టం లోపలికి ముడుచుకుపోయిందేమో చూడాలి. టర్బో ఉన్న బండిలో గొట్టాల బిగింపులు వదులైతే పీడనం బయటకు పోయి, శక్తి తగ్గి నల్లని పొగ వస్తుంది. ఫిల్టర్ తీసివేసి నడిపి చూడడం మాత్రం తగదు. ఇసుక రేణువులు సిలిండరు గోడలను అరగదీస్తాయి.

ప్రతి శక్తి నష్టమూ లోపం కాదు. టర్బో లేని ఇంజను ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సుమారు 10 శాతం శక్తిని కోల్పోతుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడి ఉన్న అరకు ప్రాంతంలో అటువంటి బండి మైదానంలో లాగినట్లు లాగదు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 6 శాతం తక్కువ. నడివేసవి మధ్యాహ్నం కనిపించే కొద్దిపాటి మందకొడితనానికి ఇదీ ఒక కారణం.

ఇంధనం

బరువుతో కొంతదూరం బాగా నడిచి, ఆపై క్రమంగా నీరసించి, కాసేపు ఆపితే మళ్లీ కోలుకునే బండిలో ఇంధన ప్రవాహానికి అడ్డంకిని ముందుగా అనుమానించాలి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది. మూత కాస్త వదులుచేసి నడిపితే తేడా తెలుస్తుంది. డ్రమ్ములలో నిలువ ఉంచిన డీజిల్‌లో నీరు చేరుతుంది కాబట్టి ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదిలిపెట్టాలి. పంపుకు ముందున్న గొట్టాల బిగింపుల నుండి గాలి చొరబడుతున్నదేమో చూడాలి.

ఇంజెక్టర్ గొట్టాలను అనుభవం లేనివారు విప్పరాదు. కామన్ రైల్ ఇంజన్లలో ఇంధన పీడనం 1,000 బార్‌కు మించుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. ఆ తరహా బండ్లలో ముందుగా కంప్యూటర్ పరికరంతో లోప సంకేతాలను చదివించడం మేలు.

పొగ రంగు

పని వేడికి వచ్చిన ఇంజనులో నల్లని పొగ గాలి చాలకపోవడాన్ని గాని, ఇంధనం ఎక్కువ కావడాన్ని గాని, ఇంజెక్టర్ సరిగా చిమ్మకపోవడాన్ని గాని సూచిస్తుంది. నీలి పొగ ఇంజను ఆయిలు మండుతున్నదని తెలుపుతుంది. ఆగకుండా వచ్చే తెల్లని పొగ మండని డీజిల్‌కో, సిలిండరులోకి చేరే చల్లబరిచే నీటికో గుర్తు. శక్తి తగ్గి, పొగ కూడా లేకపోతే ఇంధనం తక్కువగా అందుతున్నదని అనుమానించవచ్చు.

చివరిగా సంపీడనం

పై పరిశీలనలు పూర్తయ్యాకనే సంపీడన పరీక్షకు వెళ్లాలి. అంతకు ముందు టాపెట్ల సందు సరిచేయించాలి. సందు లేని వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పుడు రింగులు బాగున్నా పీడనం తక్కువగా నమోదవుతుంది. ఒక సిలిండరులో పీడనం తక్కువగా ఉంటే అందులో కొద్ది చుక్కల ఆయిలు వేసి మళ్లీ కొలవాలి. పీడనం పెరిగితే అరుగుదల రింగులలోనో సిలిండరులోనో ఉన్నట్లు. పెరగకపోతే వాల్వులను, హెడ్ గాస్కెట్‌ను చూడాలి. మొదటి సందర్భంలో మాత్రమే బోరు చేయించే ఆలోచనకు ఆధారం ఏర్పడుతుంది.

ఒకసారికి ఒకే మార్పు

ఫిల్టర్, ఇంజెక్టర్లు, పంపు అన్నీ ఒకేరోజు మార్చితే బండి బాగుపడవచ్చు గాని, దేనివల్ల బాగుపడిందో తెలియదు. కంట్రోలు మడి లేని ప్రయోగం వంటిదది. రద్దీ లేని ఒకే సమతల రహదారిపై, ఒకే బరువుతో, మూడవ గేరులో గంటకు 20 నుండి 40 కిలోమీటర్ల వేగానికి చేరడానికి పట్టే సెకన్లను ప్రతి మార్పుకు ముందు, తర్వాత మూడేసి సార్లు నమోదు చేసి సగటు తీయాలి. బండి లాగుతున్నట్లు అనిపించడం వేరు, కొలతలో తేలడం వేరు.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు ఈ క్రమాన్ని ఒక పుట పట్టికగా రాసుకొని, లక్షణం, పరిశీలన, చేసిన మార్పు, పట్టిన సెకన్లు అనే నాలుగు గడులలో రైతు చేతనే నమోదు చేయించవచ్చు. ఆ పుటతో మెకానిక్ వద్దకు వెళ్లిన రైతు, ఏ భాగాన్ని ఎందుకు విప్పుతున్నారో అడగగలుగుతాడు. మెకానిక్‌కు కూడా పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.