పెళ్లి ఫొటోల సీడీ బీరువాలో ఉందా? వెంటనే ఓసారి తీసి చూడండి!

బాలానగర్, హైదరాబాద్: 2000 తర్వాత పదేళ్లలో పెళ్లి చేసుకున్న చాలామంది ఇళ్లలో ఆ సీడీ ఉంటుంది. ఆల్బమ్‌తో పాటు స్టూడియోవాళ్లు చేతిలో పెట్టిందే. పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది కదా అని ఎవరూ దాని జోలికి వెళ్లరు. తీరా ఇప్పుడు పెట్టి చూస్తే తలంబ్రాల ఫొటోలు వస్తాయి, అప్పగింతలవి రావు. సీడీ మీద చిన్న గీత కూడా లేదే, మరి ఏమైనట్టు?

షాపులో కొన్న సినిమా సీడీ వేరు, స్టూడియోలో ‘రైట్’ చేసిన సీడీ వేరు. సినిమా సీడీలో డేటాను ప్లాస్టిక్‌లోనే గుంతలుగా అచ్చు వేస్తారు. రైట్ చేసే సీడీలో మాత్రం పల్చటి రంగు పూత ఉంటుంది. లేజర్ ఆ పూత మీదే గుర్తులు పెడుతుంది. ఎండకు బట్టలు వెలిసినట్టే వేడికి, వెలుతురుకు, తేమకు ఆ రంగు కూడా దెబ్బతింటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. సీడీకి కింది వైపు మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ రక్షణ ఉంటే, పేరు రాసే పైవైపు ఉన్నది సన్నటి లక్క పూతే. అందుకే బాల్ పెన్నుతో గట్టిగా రాసినా ప్రమాదమే. డీవీడీ ఈ విషయంలో కాస్త నయం, అందులో పూత రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది.

ఎన్నేళ్లు ఉంటుందంటే ఒక్క లెక్క లేదు. కెనడా ప్రభుత్వ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం బంగారు పొర ఉన్న మేలు రకం సీడీ వందేళ్లు దాటొచ్చు. మామూలు వెండి పొర డీవీడీ-ఆర్‌కు మాత్రం 10 నుంచి 20 ఏళ్లే. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ అయితే అనుభవంలో 2 నుంచి 5 ఏళ్లనే లెక్క వేసుకోమంటోంది. పైగా ఈ అంచనాలు చల్లటి, పొడి గదుల్లో దాచిన డిస్కులకే ఎక్కువగా సరిపోతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2003లో ఇచ్చిన సూచన 4 నుంచి 20 డిగ్రీలు. మే నెలలో 40 దాటే మన ఊళ్లో అటక మీద పెట్టిన డిస్కు సంగతి వేరే చెప్పాలా!

డిస్కు పాడవుతున్నట్టు ముందుగా కనిపించదు కూడా. చిన్న చిన్న తప్పుల్ని ప్లేయర్ తనే సరిదిద్దుకుంటూ పోతుంది. ఆ హద్దు దాటిన రోజే ఫొటో తెరుచుకోదు. డేటాను లోపలి నుంచి అంచు వైపు రాస్తారు, చేతులు ఎక్కువగా తగిలేదేమో అంచుకే. చివరి ఫొటోలు తరచూ ముందు మొరాయించేది అందుకే.

ఫొటోలు దాచడమే పెద్ద పనిగా ఉన్న ఆఫీసు ఒకటి బాలానగర్‌లోనే ఉంది. అదే ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీ. 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం వెళ్లిన కాలంలో చిత్రాలు దాచింది మాగ్నెటిక్ టేపుల్లో. తర్వాత కొనుక్కున్నవాళ్లకు సీడీల్లో ఇచ్చారు. ఇప్పుడు భూనిధి పోర్టల్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. టేపు గట్టిదనో, సీడీ గట్టిదనో నమ్ముకుని కూర్చుంటే ఆ పాత చిత్రాలు ఈనాటికి మిగిలేవి కావు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చుకుంటూ రావాల్సిందే.

ఇంట్లో చేయాల్సిందీ అదే. కొత్త లాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ ఉండటం లేదు. రైట్ చేసే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపేసింది కూడా. యూఎస్‌బీతో పెట్టుకునే డీవీడీ రైటర్ దొరికితే సరే, లేదంటే దగ్గర్లోని ఫొటో స్టూడియోలో అడగండి. ఒక డ్రైవ్‌లో చదవని డిస్కు ఇంకో డ్రైవ్‌లో చదవొచ్చు, కాబట్టి వెంటనే పారేయొద్దు. మురికి ఉంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. టూత్‌పేస్ట్ చిట్కాల జోలికి పోవద్దు. కాపీ అయ్యాక నాలుగు ఫొటోలు తెరిచి చూసుకుని, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి క్లౌడ్‌లో పెట్టుకోవాలి. చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే ఫొటో క్వాలిటీ తగ్గిపోతుంది.