మూడు సెకన్ల హీరోయిన్... మా పద్మిని!

2024లో విడుదలైన ఒక సినిమాలో, ఇంటర్వెల్‌కు కాస్త ముందు, హీరో కిళ్లీకొట్టు దగ్గర నిలబడి సిగరెట్ ముట్టించుకుంటుంటే అతని వెనకనుంచి మీగడరంగు కారొకటి మెల్లగా వెళ్లిపోతుంది. మీలో కొందరు చూసే ఉంటారు. చూసినా గుర్తుండదు లెండి! మీ కళ్లు హీరోమీద ఉంటాయి. నా కళ్లు మాత్రం ఆ కారుమీదే ఉన్నాయి. ఎందుకంటే అది మాది!

తెరమీద అది కనిపించేది మూడంటే మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లకోసం నేను మూడేళ్ల ఆదివారాలు ధారపోశాను. గోళ్లలో గ్రీజు వదలక పెళ్లిళ్లలో చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. ఒక కుర్రాడి కాలు విరగ్గొట్టబోయాను కూడా. ఆ సంగతే చెబుతాను వినండి.

పద్మిని అనగానే నాట్యతార పద్మిని గుర్తొస్తే తప్పు మీది కాదు. ఈ పద్మిని పుట్టిల్లు బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి కుర్లా ఫ్యాక్టరీ. తల్లి ఇటలీదేశపు ఫియట్ 1100. మనదేశంలో దానికి 1974లో ప్రీమియర్ పద్మిని అని నామకరణం చేశారు. చిత్తోడు రాణి పద్మిని పేరేనంటారు. 1089 సి.సి. ఇంజను. గేరు కడ్డీ ఇప్పటి కార్లలోలాగా కింద ఉండదు, స్టీరింగుకు అంటుకుని ఉంటుంది. అందువల్ల ముందు సీటు బల్లలాగా ఒకే ముక్క. డ్రైవరు పక్కన ఇద్దరు కూచోవచ్చు. మా ఇంట్లో అయితే ముగ్గురు కూచునేవాళ్లం!

మా నాన్న ఇరిగేషన్‌లో పనిచేశారు. 1984 మోడల్ బండిని 1991లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. విజయవాడ అలంకార్‌కు, నవరంగ్‌కు, అప్సరకు... ఎక్కడికైనా మొత్తం ఎనిమిదిమందిమి అందులోనే. సినిమా అయ్యాక బండి స్టార్టు కాకపోతే మేం నలుగురు పిల్లలం దిగి తోసేవాళ్లం. హాల్లోంచి వచ్చే జనం చూస్తుంటే నాకు ప్రాణం పోయేది. మా చెల్లి మాత్రం పెద్ద హీరోయిన్‌లాగా చెయ్యి ఊపేది.

2011లో నాన్న కంటిచూపు తగ్గి స్టీరింగు వదిలేశారు. బండి పెరట్లో చింతచెట్టు కిందికి చేరింది. 2021లో, లాక్‌డౌన్‌లన్నీ అయ్యాక ఇంటికి వెళ్తే పాత ఇనుము కొట్టతను వచ్చి ఉన్నాడు. పద్దెనిమిది వేలిస్తానంటున్నాడు. నాన్న ఔననలేదు, కాదనలేదు. టవల్‌తో బానెట్‌మీది చింతాకు దులుపుతున్నారు. నాకేమనిపించిందో ఏమో, 'నేను బాగు చేయిస్తాను' అనేశాను. అప్పటికి నాకు బండిలో పెట్రోలు పోసే చోటు తప్ప ఇంకేం తెలియదు.

మేస్త్రీగారి మొదటి పాఠం

విజయవాడ ఆటోనగర్ మీకు తెలిసే ఉంటుంది. లారీనైనా బస్సునైనా విప్పి మళ్లీ బిగించగల మహానుభావులు అక్కడ గల్లీకొకరుంటారు. అందులో ఒక పెద్దాయన ఫియట్ల స్పెషలిస్టు. బండిని తాడుకట్టి లాక్కొచ్చి ఆయన షెడ్డు ముందు నిలబెట్టాం. నేను ఉత్సాహంగా రంగుల పుస్తకం తీశాను.

'అబ్బాయ్, ముందది లోపల పెట్టు. బండి కదలడం తరవాత, ఆగడం ముందు. బ్రేకులు, ఇంజను, తుప్పు... అన్నిటికన్నా ఆఖర్న రంగు' అన్నారాయన.

నేను తలూపాను. ఊపడమైతే ఊపాను!

శనివారం రాత్రి హైదరాబాదులో బస్సెక్కడం, ఆదివారమంతా షెడ్డులో పానాలు అందించడం, సోమవారం తెల్లారేసరికి తిరిగి ఉద్యోగం. ముందు ఇంజను దించాం. సిలిండర్లు అరిగిపోయాయి. లేత్‌కు పంపి బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. కాళ్ల కింద రేకు ఎంత తుప్పు పట్టిందంటే పైనుంచి చూస్తే నేల కనిపించేది. దాన్ని కోసి కొత్త రేకు వెల్డింగు చేయడానికే నాలుగు నెలలు పట్టింది. కార్బొరేటర్ విప్పితే లోపల ఎండిన పెట్రోలు జిగురులాగా ఉంది. పెట్రోలు పంపులో డయాఫ్రం అనే రబ్బరు పొర ఉంటుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది కదా, పాతకాలపు రబ్బరుకు అది పడదు. అది తెలియక వేసిన పాత స్టాకు పొర రెండు నెలలకే మెత్తబడి కూచుంది.

సామాన్ల వేట ఇంకో సినిమా. బొంబాయిలో నలుపు పసుపు పద్మిని టాక్సీలకు 20 ఏళ్ల వయోపరిమితి. చివరిదిగా 2003 అక్టోబరు 29న రిజిస్టరైన టాక్సీకి 2023 అక్టోబరులో ఆ గడువు తీరిపోయింది. జనం వీడ్కోలు ఫోటోలు తీసుకుంటుంటే, నేను కుర్లా పాత సామాన్ల బజారులో డోరు హ్యాండిళ్లు బేరమాడుతున్నాను. ఒకరి కన్నీళ్లు ఇంకొకరికి స్పేరుపార్టులు!

వంటిమీద కొత్త నగలు

బండి మొదటిసారి దగ్గి స్టార్టయిన రోజు నాకు బుద్ధి వక్రించింది. పాతబండికి కొత్త హంగులు చేయాలని. అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు, తెల్లగా మండే ఎల్.ఇ.డి. లైట్లు... ఇంజను కూడా తీసేసి మారుతి ఇంజను పెట్టిద్దామా అని మేస్త్రీగారిని అడిగాను. 'పెట్టొచ్చు, పెట్టినవాళ్లున్నారు. కాగితాలు ఎవరు చూస్తారు, మీ బాబా?' అన్నారు. నిజమే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది, కంపెనీ ఇచ్చిన అసలు స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని. మార్పులు చేసిన బండికి యాక్సిడెంటయితే ఇన్సూరెన్సువాళ్లు పేచీ పెడతారు. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అప్పుడు ఇన్‌స్పెక్టరు ఇంజను నెంబరు చూస్తాడు. ఇంజను ఆలోచన మానేశాను. చక్రాలూ లైట్లూ మాత్రం మార్చాను.

నాన్న చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. 'బాగుంది' అన్నారు. ఆయన 'బాగుంది' అన్నారంటే బాగాలేదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

2023 ఆఖర్లో కాగితాలన్నీ సరిచేయించుకున్నాను. మరుసటేడు మార్చిలో ఓ సినిమా ఆఫీసునుంచి ఫోను. కథ 1983లో జరుగుతుందిట. కాలం పాతదైతే కార్లూ పాతవే కావాలి కదా! 'మహానటి' వంటి సినిమాల్లో వీథినిండా ఆ కాలపు కార్లు తిరుగుతుంటే చూసి ముచ్చటపడతాం. 'టాక్సీవాలా'లో అయితే పాత కాంటెస్సా కారే ఒక ముఖ్యపాత్ర. వాటి వెనక నాలాంటి పిచ్చివాళ్లు ఎందరుంటారో పేర్లలో వేయరు.

ఆర్ట్ డిపార్టుమెంట్ కుర్రాడు బండి ఫోటోలు చూసి పకపకా నవ్వాడు. '1983లో ఎల్.ఇ.డి. ఎక్కడిదండీ? ఈ చక్రాలేంటండీ? పాతవి ఉన్నాయా?'

పాతవి ఎప్పుడో అమ్మేసి ఉంటారనుకుంటూ ఇంటికి ఫోను చేశాను. 'అటకమీద ఉన్నాయి' అన్నారు నాన్న. వెళ్లి దించితే గోనెసంచుల్లో ఇనుప చక్రాలు, పాత పేపర్లలో చుట్టిన నాలుగు వీల్‌కప్పులు, అసలు హెడ్‌లైట్లు. నేను తీసి మూలన పడేసినవే. మేస్త్రీగారికి చెప్పి ఇంటికి తెప్పించుకుని, తుడిచి, నూనె పట్టించి దాచారుట. నాతో ఒక్క మాట అనలేదు!

పెడల్ కిందికి పోయింది

విజయవాడనుంచి హైదరాబాదుకు నేనే నడుపుకుంటూ బయల్దేరాను. సూర్యాపేట దగ్గర ఎండకు పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగింది. లోపల పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డుపడుతుంది, పంపు లాగలేదు. తడిగుడ్డ చుట్టి అరగంట కూచుంటే మళ్లీ కదిలింది. ఇదంతా నాకు గర్వంగానే ఉంది చెప్పొద్దూ!

నగరం శివార్లలో వేసిన పాతబజారు సెట్టు. కారు వచ్చి కొట్టు ముందు ఆగి, మళ్లీ కదిలి వెళ్లాలి. నడిపేది ఫైటుమాస్టరుగారి మనిషి. ఒకటి, రెండు, మూడు... టేకులమీద టేకులు. ప్రతిసారీ సడన్‌బ్రేకు. తొమ్మిదో టేకులో కారు ఆగలేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ప్రతి చక్రం డ్రమ్ములోనూ వీల్ సిలిండర్ అని ఒకటుంటుంది. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ అందులోని రబ్బరు కప్పులను నెడుతుంది, అవి బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతాయి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి నిలవుంటే సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడతాయి. నేను మూడు చక్రాలకు కొత్తవి వేశాను. నాలుగోదానికి సామాను దొరకలేదు. మేస్త్రీగారు 'వచ్చేదాకా ఆగు' అన్నారు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు పాతదాన్నే ఉప్పుకాగితంతో రుద్ది బిగించేశాను. తరవాత రంగు హడావుడిలో పడి ఆయనకు చెప్పనేలేదు. మా బండిలో నాలుగు చక్రాలకూ ఆయిల్ దారి ఒక్కటే. ఒకచోట కారిందంటే నాలుగూ పోయినట్టే.

నడిపే అతను గట్టివాడు. చటుక్కున గేరు తగ్గించి హ్యాండ్‌బ్రేకు లాగేశాడు. కారు పక్కకు ఒరుసుకుపోయి బత్తాయిల బండిని గుద్దుకుని ఆగింది. సైకిలు పట్టుకుని నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు కుర్రాడు ఒక్క ఉదుటున వెనక్కి దూకాడు. సైకిలు చక్రం కారు కింద నలిగింది. కుర్రాడి మోకాలు చీరుకుపోయింది. బత్తాయిలు సెట్టంతా దొర్లుతున్నాయి. నేను పరుగెత్తుకెళ్లి వాణ్ణి లేపితే వాడడిగిన మొదటి మాట, 'సార్, షాట్ ఓకేనా?'

ప్రొడక్షన్ మేనేజరు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ పత్రిక మీ ఇంట్లోకి రానివ్వరు. అన్నీ న్యాయమైనవే. కుర్రాడికి కట్టు కట్టించి, సైకిలు ఖరీదు, నాలుగు రోజుల కూలీ నేనిచ్చుకున్నాను. సాయంత్రం పేకప్ అయ్యాక మేనేజరే చల్లబడి దగ్గరకొచ్చాడు. 'క్లైమాక్సులో ఒక ఫియట్‌ను పేల్చాలి. లక్షన్నర ఇస్తాం. ఈ తలనొప్పి మీకెందుకు?' అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఇచ్చేయాలనిపించింది. ఆ కారువైపు చూడ్డానికే భయంగా ఉంది. నాన్నకు ఫోను చేసి అంతా చెప్పాను, పాత సిలిండర్ సంగతితో సహా.

'ఆ పిల్లాడికెలా ఉంది?' అన్నారు.

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

'బండి నీది. అమ్మదలుచుకుంటే అమ్ము. కానీ నీ తప్పు దానిమీద పెట్టి అమ్మకు.'

అమ్మలేదు. పేల్చడానికి వాళ్లు ఇంజనూ పెట్రోలుట్యాంకూ లేని డొల్ల ఒకటి పాత ఇనుము కొట్లో కొనుక్కున్నారు. నేను బండిని లారీమీద ఆటోనగర్ చేర్చాను. మేస్త్రీగారు డ్రమ్ము విప్పి, తడిసిన సిలిండర్‌ను నా అరచేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది! తరవాత నాలుగు చక్రాల బ్రేకులూ మొదట్నుంచీ నాచేతే చేయించారు. నాలుగో సిలిండర్‌కోసం ఆరు వారాలు ఆగాం.

సినిమాలో వాడుకున్నది అయిదో టేకు. విడుదలైన వారం నాన్నను మ్యాటినీకి తీసుకెళ్లాను, ఆ బండిలోనే. ఇంటర్వెల్ ముందు మీగడరంగు కారు అలా వచ్చి ఇలా వెళ్లిపోయింది. పక్కన చూస్తే నాన్న కళ్లజోడు సవరించుకుంటున్నారు. లైట్లు వెలిగాక సమోసా తింటూ అన్నారు:

'ఎడమవైపు హెడ్‌లైటు కాస్త కిందికి చూస్తోందిరా.'

ఇంటికెళ్లి గోడకెదురుగా నిలబెట్టి వెలిగించి చూస్తే నిజమే! స్క్రూడ్రైవరు తెచ్చి నేను తిప్పుతుంటే, 'ఇంకా... ఇంకొంచెం... చాలు' అని నాన్న గోడ దగ్గర నిలబడి చెప్పారు.