ఖేడ్ బస్సు డ్రైవరు, ఫ్రాన్స్ రేసు డ్రైవరు

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికితే ఆయన కాళ్లు చూడండి. ముందు ఊరి స్పీడ్ బ్రేకరు ఇంకా చాలా దూరంలో ఉండగానే కుడికాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. బండి ఉన్న ఊపుతోనే దొర్లుకుంటూ పోయి, అక్కడికి చేరేసరికి దానంతటదే నెమ్మదిస్తుంది. బ్రేకు మీద కాలు ఇలా ఆనించి అలా తీసేస్తాడు. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో ఆర్టీసీలో లెక్క కడతారు. దాన్నే కేఎంపీఎల్ అంటారు. మంచి డ్రైవరు అనిపించుకోవాలంటే ఆ అంకె బాగుండాలి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసును ఫ్రాన్స్ డ్రైవర్ జీన్ ఎరిక్ వెర్న్ గెలిచింది ఈ విద్యతోనే. రేసు అంటే కాలు ఎత్తకుండా తొక్కడమే అనుకునేవాళ్లు చాలామంది. అందుకే ఆ రోజు జరిగింది కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఫార్ములా ఈ కార్లు కరెంటువి. మొదటి నుంచి చివరి దాకా పూర్తి వేగంతో తోలితే బ్యాటరీలోని చార్జింగ్ రేసు ముగిసే దాకా రాదు. అందుకని డ్రైవర్లు మలుపుకు ముందే కాలు తీసేస్తారు. వేగం తగ్గేటప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేసి, కొంత కరెంటును మళ్లీ బ్యాటరీకి పంపుతుంది. ఆ ఏడాది వచ్చిన కొత్త తరం కార్లలో రేసుకు వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా వెనక్కి రాబట్టుకునేదే. మన బస్సుకు లేని సౌకర్యం ఇదొక్కటే, ఒడుపు మాత్రం అదే.

హైదరాబాద్ ట్రాక్ 2.83 కిలోమీటర్లు. ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ చుట్టూ 18 మలుపులు. మొదటి స్థానం నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ను అతని సొంత జట్టువాడు శామ్ బర్డ్ కారే గుద్దడంతో ఇద్దరి రేసూ పాడైంది. వెర్న్ ముందుకొచ్చాడు. వెనకాలే నిక్ కాసిడీ తగులుకున్నాడు. కాసిడీ బ్యాటరీలో చార్జింగ్ ఎక్కువ మిగిలి ఉంది. అలా మిగలడానికి ఒక కారణం ఉంది. ముందు పోయే కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది, వెనకవాడికి ఆ కష్టం తక్కువ. ఎదురుగాలిలో లారీ చాటున సైకిలు తొక్కినవాళ్లకు ఇది బాగా తెలుసు.

అంటే వెర్న్ గాలికి ఎదురొడ్డాలి, తక్కువ చార్జింగ్‌తో నెట్టుకురావాలి, వెనకవాడికి సందు ఇవ్వకూడదు. ఇరుకు వీధి ట్రాక్ మీద దాటడానికి వీలైన చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడ ఖర్చుపెట్టాలి, మిగతా చోట కూడబెట్టాలి. చివరి గీత దాటేసరికి ఇద్దరి మధ్య తేడా అర సెకను కూడా లేదు. 2021 రోమ్ రేసు తర్వాత వెర్న్‌కు అదే మొదటి గెలుపు.

1990లో పుట్టిన వెర్న్ చిన్నప్పటి నుంచీ కార్టింగ్‌లో పెరిగినవాడు. 2010లో బ్రిటిష్ ఫార్ములా 3 చాంపియన్. 2012 నుంచి మూడేళ్లు టోరో రోసో జట్టు తరఫున ఫార్ములా 1లో పోటీపడ్డాడు. 58 రేసుల్లో ఆరో స్థానం దాటలేదు, ఆ తర్వాత సీటు పోయింది. అక్కడితో ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన ఫార్ములా ఈ వైపు మళ్లి 2017-18, 2018-19 సీజన్లలో వరుసగా చాంపియన్ అయ్యాడు. అంతకుముందు రెండుసార్లు ఆ టైటిల్ గెలిచినవాడు లేడు.

ఇంకోవైపు ఆయన్ను పట్టి లాగింది ఎండ్యూరెన్స్ రేసింగ్, అంటే గంటల తరబడి సాగే ఓర్పు పందెం. వీటిలో పెద్దది ఫ్రాన్స్‌లోని లె మాన్. 1923లో మొదలైంది. 13.626 కిలోమీటర్ల ట్రాక్ మీద శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా, 24 గంటలు. కారుకు ముగ్గురు డ్రైవర్లు. ఏ ఆరు గంటల్లోనూ ఒకరు నాలుగు గంటలకు మించి తోలరాదు, మొత్తం మీద 14 గంటలు దాటరాదు. 2023లో గెలిచిన ఫెరారీ కారు 342 చుట్లు తిరిగింది. అంటే దాదాపు 4,660 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా రోడ్డు మీద పోయినా అంత దూరం కాదు. నాందేడ్ రోడ్డు మీద రాత్రంతా వంతులేసుకుని లారీ తోలే ఇద్దరు డ్రైవర్లకు ఈ ముగ్గురి బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. ఒకడు గేరు మొరటుగా వేస్తే, టైర్లు అరగదీస్తే, ఆ నష్టం తర్వాత సీట్లోకి వచ్చేవాడి నెత్తిన పడుతుంది.

వెర్న్‌కు లె మాన్‌లో తగిలిన పెద్ద దెబ్బ 2018లోది. ఆయన తోలిన జీ-డ్రైవ్ జట్టు కారు, రేసు కోసమే కట్టిన కార్ల (ప్రోటోటైపుల) రెండో శ్రేణి విభాగంలో మొదటి స్థానంలో గీత దాటింది. తర్వాత తనిఖీలో ఆ జట్టు ఇంధనం నింపే పరికరంలో నిబంధనలు ఒప్పుకోని భాగం ఒకటి బయటపడింది. దానితో ఇంధనం వేగంగా నిండుతుంది. ఫలితం రద్దయింది, అప్పీలు కూడా నిలవలేదు. 24 గంటలు ముగ్గురు వంతులేసుకుని తోలిన కష్టం ఒక్క గొట్టం దగ్గర పోయింది. డ్రైవరు చేతిలో లేని తప్పుకు డ్రైవరు పేరు కొట్టేయడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. అయినా ఆ తీర్పు సరైనదే. పంపు దగ్గర మిగిలిన సెకన్లు కూడా రేసు సెకన్లే కదా.

2022లో ఆయన ఎండ్యూరెన్స్ రేసుల్లో పెజో 9ఎక్స్8 కారు తోలడం మొదలుపెట్టాడు. వెనక రెక్క లేకుండా వచ్చిన ఆ వింత కారుకు 2024లో రెక్క తగిలించక తప్పలేదు. 2023 జులైలో మోంజా రేసులో పాల్ డి రెస్టా, మికెల్ యెన్సెన్‌లతో కలిసి వెర్న్ దాన్ని మూడో స్థానంలో నిలిపాడు. ఆ కారుకు అదే మొదటి పోడియం.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. ఆయన గెలిచిన రోడ్డు మీద ఇప్పుడు మన బస్సులూ ఆటోలే తిరుగుతున్నాయి.