పన్నుల తగ్గింపు - పాఠశాలల సంస్కరణ : కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల లెక్క
(ప్రత్యేక వ్యాసం)

2025 సంవత్సరంలో దేశ ప్రజలకు రెండు విడతలుగా పన్నుల ఊరట లభించింది. ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో, నూతన విధానం కింద 12 లక్షల రూపాయల వరకు వార్షికాదాయంపై ఆదాయపు పన్ను లేకుండా చేయడం జరిగింది. సెప్టెంబరు 3న న్యూఢిల్లీలో సమావేశమైన జీఎస్టీ మండలి సిఫారసుల మేరకు, అదే నెల 22వ తేదీ నుంచి అనేక వస్తువులపై పన్ను తగ్గింది. మరోవైపు రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల సంస్కరణపై చర్చ కొనసాగుతూనే ఉన్నది. ఈ రెండు చర్చలూ వేర్వేరు వేదికలపై సాగుతున్నప్పటికీ, రెండింటికీ ఆధారం ఒకే ఖజానా. 2016 అక్టోబరు 11న పునర్విభజన జరిగిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ లెక్క ఒకే తీరుగా లేదు.

ముందుగా అంగడిలో కనిపించే మార్పు. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రంగు క్రేయాన్లు, పటాలు, గ్లోబులపై 12 శాతం పన్ను పూర్తిగా తొలగిపోయింది. సైకిళ్లు, జామెట్రీ పెట్టెలపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే పాఠశాల ఫీజులపై జీఎస్టీ మొదటి నుంచీ లేదు. కనుక పిల్లలను ప్రైవేటు పాఠశాలకు పంపే కరీంనగర్, జగిత్యాల కుటుంబానికి అన్నిటికన్నా పెద్ద ఖర్చయిన ఫీజులో ఈ తగ్గింపు వల్ల వచ్చిన మార్పేమీ లేదు. ఉట్నూరు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలలో చదివే విద్యార్థికి పుస్తకాలు ప్రభుత్వమే ఇస్తున్నది. అక్కడ ఆదా అయినది శాఖకే గాని కుటుంబానికి కాదు.

బీడీ ఆకుపై పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గించడం పైకి బడితో సంబంధం లేని విషయంగా కనిపిస్తుంది. కాని వేసవిలో ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు సేకరించే కుటుంబాలకు, నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే తల్లులకు పిల్లల చదువు ఖర్చు ఆ కూలి నుంచే రావలసి ఉన్నది. ఆకుపై పన్ను తగ్గినంత మాత్రాన వెయ్యి బీడీల కూలి దానంతట అది పెరగదు. అది యాజమాన్యాలు, కార్మిక సంఘాల మధ్య కుదిరే ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

ఇక ఖజానా వైపు చూసినట్లయితే, ఆదాయపు పన్ను మినహాయింపు వల్ల సుమారు ఒక లక్ష కోట్ల రూపాయల రాబడి వదులుకోవలసి వస్తుందని కేంద్ర బడ్జెట్ ప్రసంగంలోనే పేర్కొనడం జరిగింది. 15వ ఆర్థిక సంఘం సిఫారసుల ప్రకారం 2021-26 కాలానికి పంపిణీ చేయదగిన కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతం కాగా, అందులో తెలంగాణ వాటా 2.102 శాతం. ఈ నిష్పత్తిలో లెక్కించినట్లయితే, ఆ ఒక్క నిర్ణయం వల్ల రాష్ట్రానికి రాకుండా పోయే వాటా ఏడాదికి 800 కోట్ల రూపాయలకు పైబడి ఉంటుంది. 2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో విద్యాశాఖకు కేటాయించిన 23,108 కోట్ల పక్కన ఇది చిన్న మొత్తమే. అయితే 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన 'మన ఊరు - మన బడి' కార్యక్రమం 26,065 పాఠశాలలకు ఉద్దేశించినది. దాని మొత్తం అంచనా 7,289 కోట్లు. ఆ అంచనాతో పోల్చితే ఏడాదికి పోయే మొత్తం పదో వంతుకు మించుతున్నది.

పన్ను తగ్గితే కొనుగోళ్లు పెరిగి రాబడి తిరిగి పుంజుకుంటుందన్న వాదన ఉన్నది. అది కొట్టివేయదగినది కాదు. కాని ఆ పెరుగుదలకు కాలం పడుతుంది. పాఠశాల విద్యా వ్యయంలో సింహభాగం ఉపాధ్యాయుల జీతాలే గనుక, రాబడి తగ్గిన ఏడాదిలో వాయిదా పడేది జీతం కాదు. పైకప్పు మరమ్మతు, ప్రహరీ, మరుగుదొడ్డి. జీఎస్టీ రేట్ల తగ్గింపునకు ముందు తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాలు నష్టపరిహారం కోరడానికి కారణం ఇదే. జీఎస్టీ అమలు నాటి అయిదేళ్ల పరిహారం హామీ 2022 జూన్ 30తో ముగిసింది.

ఇక్కడ సెస్సు విషయం ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. 2004లో 2 శాతంగా మొదలైన విద్యా సెస్సు 2018 నుంచి ఆరోగ్య, విద్యా సెస్సుగా 4 శాతమైంది. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులో రాష్ట్రాలకు వాటా లేదు. పన్ను తగ్గితే రాష్ట్రం వాటా తగ్గుతుంది. విద్య పేరిట వసూలైన సెస్సు మాత్రం సమగ్ర శిక్ష వంటి కేంద్ర పథకాల ద్వారా, నిబంధనలతో, రాష్ట్రం 40 శాతం జతచేసినప్పుడే బడికి చేరుతుంది. విద్యా సంస్కరణపై జరిగే చర్చల్లో ఈ అంశానికి దక్కవలసిన స్థానం దక్కడం లేదనే చెప్పాలి.

సిమెంటు ఉదాహరణ మరింత ఆసక్తికరం. బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు కర్మాగారాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో, పన్నుకు ముందు 100 రూపాయలు విలువైన సిమెంటు 128కి బదులు 118కి లభించవలసి ఉన్నది. తరగతి గదులు చౌక అవుతాయని సహజంగానే అనుకుంటారు. కాని జీఎస్టీలో నమోదైన కాంట్రాక్టరు తాను సిమెంటుపై చెల్లించిన పన్నును, బిల్లుపై కట్టవలసిన పన్ను నుంచి మినహాయించుకుంటాడు. కనుక అతని ద్వారా జరిగే పనిలో సూత్రరీత్యా ఆదా స్వల్పం. సామగ్రిని నేరుగా కొనే చోటనే పూర్తి ఆదా మిగులుతుంది. 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు చేపట్టే చిన్న మరమ్మతులు ఇటువంటివే. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు అధ్యక్షత వహించే ఈ కమిటీ బిల్లుల్లో పాత ధర, కొత్త ధర తేడాను తనిఖీ చేయడం కష్టం కాదు.

సంస్కరణ అనగానే తక్కువ మంది పిల్లలున్న బడులను విలీనం చేయాలన్న సూచన వస్తుంది. బస్సు సౌకర్యమున్న కరీంనగర్ మైదాన గ్రామాల్లో అది సాధ్యపడవచ్చు. వాగులు దాటి వెళ్లవలసిన గోండు, కొలాం గూడేల్లో అదే నిర్ణయం పిల్లవాడిని బడికి దూరం చేస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు కూడా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. తలసరి ఖర్చు లెక్కలో ఇది భారంగా కనిపించినా, గూడెంలో బడి అంటే అంత ఖర్చు తప్పనిది. జోడేఘాట్‌లో కొమురం భీం పోరాటం ముగిసిన కొద్ది కాలానికే, 1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడింది. పిల్లల భాష తెలిసిన ఉపాధ్యాయుడిని గూడెంకే పంపాలన్నది నాటి ఆలోచన.

బడ్జెట్ పత్రాలను పరిశీలించే పాత్రికేయులు, అధికారులు మరొక సంగతి గమనించవచ్చు. 2025-26లో విద్యకు సుమారు 7.6 శాతం కేటాయించారన్న లెక్క విద్యాశాఖ పద్దుకు సంబంధించినది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఆశ్రమ పాఠశాలల ఖర్చు గిరిజన సంక్షేమ శాఖ పద్దులో ఉంటుంది. అందుచేత ఏ ఏడాది విద్యా వ్యయం పెరిగింది, ఏ ఏడాది తగ్గింది అన్న పోలికలో ఆ రెండో పద్దును కూడా తెరిచి చూడనిదే ఏజెన్సీ విద్యార్థి ఆ లెక్కలోకి రాడు.