రెండు కళ్ళ కెమెరా పొరబడితే?

ధర్మపురిలో గోదావరి గట్టున నిలబడి బొటనవేలు ముందుకు చాచండి. ఒక్కొక్క కన్నే మూసి చూడండి. అవతలి ఒడ్డు చెట్ల ముందు వేలు పక్కకు గెంతుతుంది! ఆ గెంతును బట్టే మెదడు దూరాన్ని అంచనా కడుతుంది.

2005 మే 5న ఎగిరిన కార్టోశాట్-1లో ఇలాగే రెండు కెమెరాలు బిగించారు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండవది 5 డిగ్రీలు వెనక్కు వంగి ఉండేవి. 618 కిలోమీటర్ల ఎత్తునుంచి ఒకే చోటును 52 సెకన్ల తేడాతో ఫొటో తీసేవి. రెండు ఫొటోల తేడాలోనే గుట్టల ఎత్తు దొరుకుతుంది.

ఎత్తు తప్పు వస్తే? మా తరగతిలో అందరూ కటకాన్నే అనుమానిస్తారు. ముందు చూడవలసింది బిగింపు. డిగ్రీని 3600 భాగాలు చేయండి. వెనుక కెమెరా వంపు అందులో ఒక్క భాగం మారినా నేలమీద గుర్తు 3 మీటర్లు జరుగుతుంది. ఎత్తులో దాదాపు 5 మీటర్లు తప్పుతుంది. వరద ఏ వీధిదాకా వస్తుందో చెప్పే పటంలో అది చిన్న తప్పా?

ఆకాశంలో మర బిగించలేం కదా! అందుకే రోడ్ల కూడలివంటి చోట్ల ఎత్తును నేలమీదే కొలిచి, ఫొటో లెక్కతో పోలుస్తారు. అన్నిచోట్లా తప్పు ఒకేవైపుంటే దోషం వంపుదే, గణితంలో సరిచేస్తారు. నదిమీద మాత్రమే ఎత్తులు చిందరవందరగా వస్తే వంపును ముట్టుకోకండి. 52 సెకన్లలో అలలు మారిపోతాయి. మొదటి ఫొటోలోని చుక్కకు రెండవదానిలో జత దొరకదు.